చేపీ లేని ఆట

అరెకిపా, కయ్మా మిట్ట
మార్చి చివర

నేలిదక్కకు,

బస్సులో వేసిన నీ పెట్టె అందింది. చీజు ముద్ద చెక్కు చెదరలేదు. వేయించిన మొక్కజొన్నలు మాత్రం దారిలో ఎవరో రుచి చూసినట్టున్నారు. పెట్టెలో కాగితం చూసి నీ మరిది విల్బెర్ ఒకటే నవ్వు. "మీ అక్క ఇంకా ఏ కాలంలో ఉందే? ఫోన్ చెయ్యొచ్చుగా" అన్నాడు. "చేసింది పాపం, నీ కొడుకే కట్ చేశాడు" అన్నాను.

కోప్పడకు అక్కా. నీ ఫోన్లన్నీ కట్ చేసింది యెరెమీయే. ఆట మధ్యలో నీ మొహం తెర మీదికొస్తే వాడి లామా కొండ మీంచి జారిపోతుందట. "పెద్దమ్మ వల్ల ఓడిపోయా" అని నేల మీద పడి దొర్లాడు. నువ్వు పంపిన వాయిస్ మెసేజీ కూడా వాడే నొక్కేసి, వినకుండానే తుడిచేశాడు. ఐదేళ్ళు నిండని వాడికి ఇవన్నీ ఎవరు నేర్పారో దేవుడికే తెలియాలి. ఇప్పుడు ఫోను పేరుకే నాది. అందుకని నేనూ కాగితమే పట్టుకున్నాను.

ఆ ఆట పేరు కొండరాజు. కొండ కొన మీద లామాలు నిలబడతాయి. పక్కవాడి లామాను లోయలోకి తోసేసి, కొన మీద మిగిలినవాడు రాజు. పడిపోయిన లామా టింగుమని మినుకుమినుకుమంటూ మళ్ళీ పైకొస్తుంది. చిన్నపిల్లల కోసం చేసిందే, రక్తం గిక్తం ఏమీ లేవు. విల్బెర్ గని నుంచి సెలవుకి దిగినప్పుడల్లా తండ్రీ కొడుకులు పందెం వేసుకుంటారు. ఆదివారం భోజనాలకి అత్తగారింటికి వెళితే మా తోటికోడళ్ళ పిల్లల్ని పిలిచి వరుసగా కూర్చోబెడతాడు. అందరూ పాలపళ్ళ వాళ్ళే. వాళ్ళందరినీ మనవాడు ఓడించేస్తాడు. విల్బెర్ మొహం చూడాలి, ఎన్నికల్లో గెలిచినట్టు. ఏడుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు కదా, చిన్నప్పుడు ఒక్క ఆటలోనూ గెలవలేదట.

సోమవారం నుంచి యెరెమీని నీదోలో వేశాం. పిల్లల బడికి నీదో, అంటే గూడు అని పేరు పెట్టారు గాని, మొదటి రోజు అక్కడ వినిపించిన ఏడుపులకి పిట్టలు కూడా ఎగిరిపోయేవి. మనవాడు ఏడవలేదు. "ఇక్కడ ఎవర్ని ఓడించాలి?" అని టీచర్ని అడిగాడట. మిస్ ఒఫేలియా నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వాను.

మన చిన్నది మారిసియెలోకి రెండేళ్ళు దాటాయి. అన్న వెనకాలే తోకలా తిరుగుతుంది. పై అంతస్తు పని మళ్ళీ ఆగిపోయింది. డాబా మీద ఇనుప చువ్వలు అలాగే ఆకాశానికేసి చూస్తున్నాయి. బట్టలు ఆరేయడానికి నిచ్చెనెక్కినప్పుడల్లా నిన్ను తలుచుకుంటాను, పిట్టగోడ లేదని నువ్వెంత గొడవ చేశావో.

నీ ఆరోగ్యం రాయి.

నీ చెల్లి,
యోవానా


కబానకోందే
ఏప్రిల్

ఒసే యోవానా,

ఫోను నీది కాదని రాయడానికి సిగ్గులేదటే? వాడు లాగు బొందు కట్టుకోవడం రాని వయసులో నీ ఫోను లాక్కున్నాడంటే, పెళ్ళీడుకొచ్చేసరికి నిన్నూ మరిదినీ ఇంట్లోంచి గెంటేస్తాడు.

సరే, మా బడి పిల్లల సంగతి విను. ఇన్నేళ్ళుగా ఈ మూడు నాలుగు ఐదేళ్ళ మూకతో వేగుతున్నానా, పోటీ అంటే ఏమిటో వీళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. మూత్రానికి వరసలో నిలబడటంలో కూడా ముందెవరని కొట్టుకుంటారు. నిన్న ఒకడు తన అన్నం ముందు అయిపోయిందని చూపించడానికి గిన్నెలో మిగిలింది కుక్కకి పోశాడు. పిల్లలు పోటీ పడతారు, పడనీ. తోసుకుంటారు, ఏడుస్తారు, ముక్కు తుడుచుకుని మళ్ళీ ఒకే దుప్పట్లో దూరతారు. అది చూశాక నాకు భయం ఉండదు. మీవాడు ఓడిన పిల్లలతో తర్వాత కలిసి తింటున్నాడా? అది రాయి చాలు.

ఈ పెట్టెతో పాటు అట్టడబ్బాలో రెండు కూయి పిల్లల్ని వేశాను, మీ పట్నంలో గినీ పందులంటారే, అవే. ఒకటి తెల్లది, ఒకటి బెల్లం రంగు. రోజూ కాస్త లూసర్న్ గడ్డి వేస్తే చాలు, పడి ఉంటాయి. వాడి చేత వేయించు. చేతుల్లో వెచ్చగా ఒక ప్రాణం కొట్టుకుంటుంటే పిల్లలు నెమ్మదిస్తారు, నా అనుభవం. మరిదికి గట్టిగా చెప్పు, ఇవి పిల్లలు పెంచుకోవడానికి, ఆదివారం పొయ్యి మీదికి కాదు.

పిట్టగోడ సంగతి మర్చిపోయాననుకోకు.

అక్క


అరెకిపా
మే నెల

అక్కా,

కూయిలు క్షేమంగా దిగాయి. యెరెమీ వాటికి పేర్లు కూడా పెట్టాడు. తెల్లది ఒకటో ఆటగాడు, బెల్లం రంగుది రెండో ఆటగాడు. పొద్దున్నే లేచి గడ్డి వేస్తున్నాడు. నువ్వన్నట్టే చేతుల్లో పెట్టుకుని బుగ్గకి ఆనించుకుంటాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

నీదోలో చిన్న గొడవైంది, పెద్దదేం కాదు. జారుడుబల్ల మెట్లెక్కుతుంటే ముందున్న పాపని వీడు పక్కకి తోశాడట. కింద ఇసక కాబట్టి సరిపోయింది, మోచెయ్యి గీసుకుంది అంతే. మిస్ ఒఫేలియా పిలిపించింది. "తోసినందుకు కాదండీ, అందరూ తోస్తారు. పాప కింద పడి ఏడుస్తుంటే పరిగెత్తిపోలేదు, భయపడలేదు. అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఎందుకురా చూస్తున్నావంటే, మళ్ళీ వస్తుందిలే అన్నాడు" అంది. ఆవిడకి అదేదో వింతగా అనిపించిందట. పాప లేచి వచ్చిందిగా మరి, ఇందులో వింతేముంది. నేను అలాగే అన్నాను. ఆ పిల్లకి బొమ్మల పుస్తకం కొనిచ్చి క్షమాపణ చెప్పించాను.

కలిసి తింటున్నాడా అని అడిగావు. తింటాడు. ముందు తన గిన్నె ఖాళీ అయిందో లేదో చూసుకుంటాడు.

ఇంకోటి, తెల్ల కూయి పోయింది. పిల్లి ఎత్తుకుపోయింది. నువ్వు అంత ప్రేమగా పంపావు, చూసుకోలేకపోయాను, ఏమీ అనుకోకు. రెండోది బాగానే ఉంది.

విల్బెర్ పైన గనిలోనే ఉన్నాడు. సెలవు జూన్లో.

యోవానా


కబానకోందే
మే చివర

యోవానా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిస్ ఒఫేలియాకి వింతగా తోచింది నాకూ తోచింది. పిల్లలు తోస్తారు, నిజమే. తోశాక వాళ్ళ మొహం తెల్లబోతుంది. తను చేసింది తనకే భయం వేసి, పడ్డవాడి కన్నా ముందు తోసినవాడే ఏడుస్తాడు. అది లేకుండా నిలబడి చూసేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ముందు ఆ ఫోను దాచెయ్. గుక్కపట్టి ఏడుస్తాడు, ఏడవనీ. బియ్యం డబ్బాలో పెట్టినా, మీ అత్తగారి దగ్గర పెట్టినా నాకనవసరం.

రెండో మాట. మనం కాలవ గట్టు మీద ఆడుకునేవాళ్ళం గుర్తుందా? నువ్వు పరిగెత్తలేక ఆయాసపడి, చూపుడువేలు మీదికి మధ్యవేలు మెలేసి "చేపీ" అనేదానివి. అంటే చాలు, ఎంతటి మొనగాడైనా నిన్ను తాకకూడదు. మన రోచో బావ ఎంత దుర్మార్గుడు, వాడు కూడా చేపీ అంటే ఆగేవాడు. నువ్వు చెప్పుల్లో ముల్లు తీసుకుని, ముక్కు చీదుకుని, తీరిగ్గా మళ్ళీ లేచేదానివి. మా బడి పిల్లలు ఇప్పటికీ అంటారు. మాటలు సరిగ్గా రాని మూడేళ్ళ వాడు కూడా వేళ్ళు మెలెయ్యడం రాక, రెండో చేత్తో మెలేసి మరీ చూపిస్తాడు. ఆటకి ఆగడం అనేది ఉందని పిల్లలకి మొదట తెలిసేది అక్కడే.

యెరెమీ చేపీ అంటాడా? వాడితో పరుగుపందెం ఆడి, మధ్యలో నువ్వు అని చూడు. ఏం చేస్తాడో రాయి.

నేలిదా


అరెకిపా
జూన్

అక్కా,

కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందట. నువ్వు చెప్పినట్టే ఫోను దాచేశాను. తల నేలకేసి కొట్టుకున్నాడు, అన్నం మానేశాడు. తర్వాత ఒక పొద్దున ఉన్నట్టుండి మామూలుగా లేచాడు. హమ్మయ్య అనుకున్నాను. అదే నా తెలివితక్కువతనం. ఆట ఫోన్లోంచి ఇంట్లోకి వచ్చేసింది.

ఇప్పుడు మంచం కొండ. కుర్చీ కొండ. నీళ్ళ తొట్టి గట్టు కొండ. చెల్లిని ఎక్కించి నిలబెడతాడు. అది "నేనే రాజు" అని చప్పట్లు కొట్టుకుంటుంది. వీడు వెనక్కి వెళ్ళి, నడుం వంచి, చేతులు ముందుకు చాపి, ఆ ఫోన్లో గొంతులాగే "సిద్ధమా" అంటాడు. పరిగెత్తుకొచ్చి తోసేస్తాడు. సియెలో నుదుటి మీద ఒక బొప్పి మానకముందే ఇంకొకటి. అరిస్తే ఆగుతాడనుకున్నాను. అరిస్తే ఇంకా వేగంగా వస్తున్నాడు. ఆ ఆటలో ఎవరైనా పడబోతుంటే జనం గోలగోలగా అరుస్తారు, వీడికి నా అరుపు అదే. కోపం ఉండదు వాడి మొహంలో. చెల్లంటే ప్రాణం. తోశాక వంగి దాని వంకే చూస్తాడు, ఎప్పుడు మినుకుమంటుందా అని. అది ఏడుస్తూ లేస్తే "వచ్చేసింది" అని ముద్దుపెట్టుకుంటాడు.

నువ్వు చెప్పిన పరీక్ష కూడా చేశాను. సందులో ఇద్దరం పరిగెత్తాం. నేను ఆగి, వేళ్ళు మెలేసి చేపీ అన్నాను. వాడు నా చెయ్యి వంక చూశాడు. "అది పనిచెయ్యదు" అన్నాడు. నా పొట్టలో తలతో కుమ్మి "నువ్వు ఓడిపోయావ్" అని ఎగిరాడు. తెలీదేమో, ఈ కాలం పిల్లలకి ఇలాంటివి ఎవరు చెబుతారు.

చలి బాగా ఎక్కువైంది. మీ దగ్గర ఇంకెలా ఉందో. దగ్గుకి కషాయం తాగుతున్నావా?

యోవానా


కబానకోందే
జూన్, ఆ మర్నాటి బస్సుకే

యోవానా,

దగ్గు సంగతి తర్వాత. నువ్వు రాసింది నువ్వే ఒకసారి చదువుకో. వాడు "అదేంటి?" అనలేదు. "పనిచెయ్యదు" అన్నాడు. తెలియని దాన్ని ఎవరైనా పనిచెయ్యదంటారా? వాడికి చేపీ తెలుసు. ఎప్పుడో, ఎవరితోనో అని చూశాడు. వాళ్ళు ఆగలేదు. ఎవరో కనుక్కో.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏ పిల్లి? మీ నల్లకుక్క ఉండగా ఆ వీధిలోకి పిల్లన్నది రాదని పోయినేడు నువ్వే గొప్పలు చెప్పావు. నాకు అబద్ధం చెప్పి నువ్వు ఎప్పుడూ గట్టెక్కలేదు. ఇన్ని బొప్పుల సంగతి రాసిన దానివి ఆ ఒక్క మాట ఒక్క వాక్యంలో దాటేశావు.

నిజం రాయి. ఎంత చెడ్డదైనా రాయి.

అక్క


అరెకిపా
జులై

అక్కా,

ఇది రాయడానికి కూర్చుని లేచి, కూర్చుని లేచి, చివరికి సియెలోని మా అత్తగారి దగ్గర వదిలి వచ్చి రాస్తున్నాను. ఆ పిల్లని యెరెమీ దగ్గర ఒక్కదాన్ని వదలడం మానేసి చాలా రోజులైంది.

పిల్లి లేదు. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు.

ఆ రోజు నేను డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. వాడు ఎప్పుడు పైకొచ్చాడో తెలీదు, చొక్కాలో తెల్ల కూయిని పెట్టుకుని వచ్చాడు. దుప్పటి పక్కకి తీసి చూసేసరికి డాబా అంచున బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడు. కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగాను. "ఏం చేస్తున్నావురా" అంటే "ఉష్, వస్తుంది" అన్నాడు. వీధిలోకి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

కిందికెళ్ళి గుడ్డలో చుట్టి, ఇంటి వెనక కంచె పక్కన పాతిపెట్టాను. వాడు పక్కనే నిలబడి చూశాడు. ఏడవలేదు. "ఇంకా రాలేదేం" అన్నాడు. అందరికీ పిల్లి అని చెప్పాను. విల్బెర్‌కీ అదే చెప్పాను. నీకు రాస్తే అది నిజమైపోతుందని రాయలేదు.

చేపీ సంగతి కూడా తెలిసింది. విల్బెర్ సెలవుకి వచ్చినప్పుడు అడిగాను. తను గట్టిగా నవ్వి, "ఓ అదా? పండగప్పుడు ఇద్దరం తరుముకుంటున్నాం. వీడు చేపీ అన్నాడు. నేనూ వేళ్ళు మెలేసి చేపీ అని చూపించా. వాడు ఆగి చెమట తుడుచుకుంటుంటే రెండో చేత్తో ఒక్క తోపు తోశా. భలే తెల్లబోయాడులే" అన్నాడు. ఏం చెప్పావు వాడికి అన్నాను. "నిజమే చెప్పా. లోకంలో చేపీ లేదురా, ఆగినవాడు ఓడిపోతాడు. నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు అన్నా మా అన్నలు ఆగేవాళ్ళా? వీడు నాలా దెబ్బలు తినకూడదు" అన్నాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? చెడ్డవాడు కాదు అక్కా, నీకూ తెలుసు. కొడుకు గెలవాలని తన తాపత్రయం. నేను గట్టిగా మాట్లాడబోతే, "నీదంతా పిరికితనం, మీ అక్క ఉత్తరాలు చదివి చదివి" అని లేచిపోయాడు. కూయి సంగతి అప్పుడు కూడా నోటి దాకా వచ్చింది, చెప్పలేకపోయాను. కొడుకుని ఏమనుకుంటాడో అని.

ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నా కొడుకంటే నాకు భయమేస్తోంది. వాడు నవ్వుతూ దగ్గరికొచ్చి మెడ చుట్టూ చేతులేస్తే నా ఒళ్ళు బిగుసుకుంటోంది. ఐదేళ్ళు నిండని పిల్లాడు, నా కడుపున పుట్టినవాడు. నేనేం తల్లిని?

బెల్లం రంగు కూయిని ఎదురింటావిడకి ఇచ్చేశాను. అయినా వాడు రోజూ సంతకి నా వెంట వచ్చినప్పుడు లూసర్న్ కట్ట కొనమంటాడు. లేని దానికి గడ్డెందుకని అడిగితే బదులు చెప్పడు. ఏడుపు పడలేక కొంటున్నాను.

యోవానా


కబానకోందే
జులై

చెల్లీ,

నువ్వు మంచి తల్లివే. భయపడాల్సినదానికి భయపడుతున్నావు.

వాడు దుర్మార్గుడు కాడు, ముందు ఇది పట్టుకో. వాడికి చంపడం అంటే ఏమిటో తెలియదు, ఎందుకంటే చావంటే తెలియదు. పడిందల్లా తిరిగొస్తుందనుకుంటున్నాడు. ఆ వయసు పిల్లలు చాలామందికి తెలియదు, కాని వాళ్ళకి ఆగడం తెలుసు కాబట్టి గండం గడుస్తుంది. వీడికి రెండూ లేవు. నా భయం అంతా అందుకే. రేపు సియెలోని ఎక్కడ నిలబెడతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట రాయను.

నిచ్చెన ఈ రోజే కింద పడేసి తాడుతో కట్టు. బట్టలు వీధిలో ఆరేసుకో. బడి సెలవులకి నేనే వచ్చేదాన్ని, ఇక్కడ ముగ్గురు పిల్లలకి ఊపిరితిత్తుల జబ్బు, నర్సుకి తోడు నేనొక్కదాన్నే ఉన్నాను. ఆగస్టు చివర తప్పకుండా వస్తాను.

కింది మాటలు మరిదికి చదివి వినిపించు.

మరిదీ, నువ్వు గెలిస్తే వాడికి నేర్చుకోవడానికి ఏమీ లేదు. వాడి ముందు ఒక్కసారి ఓడిపో. చేపీ అని, నిజంగా ఆగు. నువ్వు విరిచిన మాటని నువ్వే అతకాలి, నేనూ యోవానా అతికితే అతకదు. మీ అన్నలు ఆగలేదని నీకు ఇప్పటికీ కడుపులో మంట ఉంది. అదే మంట కొడుక్కి పంచకు. తప్పుగా రాస్తే పెద్దదాన్నని మన్నించు.

వదిన


అరెకిపా
ఆగస్టు

నేలిదక్కా,

అందరం బతికే ఉన్నాం. ముందు అది రాస్తున్నాను, మిగతాది నువ్వు గుండె పట్టుకోకుండా చదవాలని.

నీ ఉత్తరం విల్బెర్‌కి చదవలేదు. ధైర్యం చాలలేదు. బల్ల మీద పెట్టి, తనే చూస్తాడులే అని వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి మడత మారింది. చదివాడో లేదో అడగలేదు, తనూ చెప్పలేదు.

గాలుల నెల కదా, కయ్మా మిట్ట మీద ప్రతి డాబా మీదా గాలిపటాలే. విల్బెర్ పొద్దున్నుంచీ వెదురు పుల్లలు చీల్చి, ఎర్ర కాగితం అతికించి పెద్ద గాలిపటం కట్టాడు. నేను సూప్ కోసం బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. సియెలో నా కాళ్ళ దగ్గర తొక్కలతో ఆడుకుంటోంది. పైన తండ్రీ కొడుకుల నవ్వులు వినపడ్డాయి. అవి డాబా మీంచి వస్తున్నాయన్న సంగతి బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. కిందికి చూస్తే తొక్కలున్నాయి, పిల్ల లేదు. వాకిట్లోకి పరిగెత్తాను. నేను కట్టిన తాడు విప్పేసి ఉంది. నిచ్చెన గోడకి నిలబడి ఉంది.

ఎలా ఎక్కానో తెలియదు. తల డాబా పైకి రాగానే చూశాను. విల్బెర్ నీళ్ళ ట్యాంకు దగ్గర మాకు వీపు పెట్టి దారం వదులుతున్నాడు. ఆ చివర, వీధి వైపు, ఇటుకల కుప్ప ఉంది కదా, దాని మీద సియెలో నిలబడి ఉంది. గిన్నెలు తుడిచే గుడ్డ మెడకి చుట్టుకుని "నేనే రాజు" అంటోంది. దాని వెనక గాలి తప్ప ఏమీ లేదు. ఈ చివర యెరెమీ. నడుం వంచాడు. చేతులు ముందుకు చాపాడు. "సిద్ధమా" అన్నాడు.

అరవకూడదని తెలుసు. అరిస్తే పరిగెడతాడు. గొంతు దాకా వచ్చిన అరుపుని ఎలా మింగానో ఆ తల్లి మేరీకే తెలియాలి. "విల్బెర్" అన్నాను, ఉప్పందుకో అన్నంత మామూలుగా. తను వెనక్కి తిరిగాడు. చూశాడు. పిల్లలు తనకీ అందనంత దూరం.

"యెరెమీ, చేపీ" అన్నాడు.

వీడు తల తిప్పలేదు. "అది పనిచెయ్యదు. నువ్వే చెప్పావ్."

"అబద్ధం చెప్పాను నాన్నా. పనిచేస్తుంది. ఇదిగో చూడు, వేళ్ళు మెలేశా."

వీడు ఓరగా చూశాడు. విల్బెర్ కుడిచేతి వేళ్ళు మెలేసి ఉన్నాయి. ఎడం చేతిలో దారం ఉండ.

"రెండో చెయ్యి?" అన్నాడు వీడు.

అక్కా, ఆ ఒక్క మాటకి విల్బెర్ మొహం ఎలా అయిపోయిందో రాయలేను. పండగనాడు తోసింది ఆ రెండో చెయ్యే కదా. దారం వదిలేశాడు. ఎడం చెయ్యి కూడా ఎత్తి వేళ్ళు మెలేశాడు. రెండు చేతులూ అలా పైకి పట్టుకుని, పట్టుబడ్డ దొంగలా నిలబడి, "నేను ఓడిపోయాను. నువ్వే గెలిచావ్. చేపీ" అన్నాడు.

యెరెమీ చేతులు దించాడు.

అప్పటికి నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ చువ్వల మధ్యనుంచి చుట్టి వెళ్ళి సియెలో గౌను పట్టుకున్నాను. లాక్కునేటప్పుడు దాని కాలు తగిలి ఒక ఇటుక జారింది. కింద పడిన చప్పుడు మేం నలుగురం విన్నాం.

యెరెమీ పైకి చూస్తున్నాడు. గాలిపటం అప్పటికే చిన్నదైపోయింది, మిస్తీ కొండ వైపు పోతోంది.

"తిరిగొస్తుందా?" అని అడిగాడు.

"రాదు" అన్నాడు విల్బెర్. చేతులు ఇంకా దించలేదు.

"ఎప్పుడొస్తుంది?"

"ఎప్పటికీ రాదు నాన్నా."

వాడు నా వంక తిరిగి, "కూయి కూడానా?" అన్నాడు. విల్బెర్ నన్ను చూశాడు. నేను ఇంక దాచలేదు. "కూయి కూడా రాదురా. పడింది, చచ్చిపోయింది. అంతే" అన్నాను. వాడు సియెలోని చూశాడు, వీధి వైపు చూశాడు, మళ్ళీ సియెలోని చూశాడు. అడగలేదు. ఒక్కసారిగా ఏడుపందుకున్నాడు. పుట్టిన తర్వాత వాడు అలా ఏడవడం నేను వినలేదు. ఓడిపోయినందుకు ఏడ్చే ఏడుపు కాదది.

సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. కంచె పక్కన, నేను పాతిపెట్టిన చోట, నేను కొన్న లూసర్న్ కట్టలన్నీ ఉన్నాయి. కిందవి కుళ్ళిపోయి, పైవి ఎండిపోయి, అన్నింటి మీదా ఆ రోజుది పచ్చగా. తిరిగొచ్చాక ఆకలేస్తుందని పెట్టాడట. ఒక్కొక్కటే ఏరి తీసేశాడు. నేను సాయం చేయబోతే వద్దన్నాడు.

విల్బెర్ గనికి ఫోన్ చేసి సెలవు పొడిగించుకున్నాడు. పిట్టగోడ కడుతున్నాడు. ఇటుక మీద ఇటుక పెడతాడు. ఫోన్లో ఆ ఆట తుడిచేసింది కూడా తనే. కూయి సంగతి విన్నాక నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంక భయం పోయిందని రాద్దామనుకున్నాను అక్కా. రాయలేకపోతున్నాను. ఆ రోజు నుంచి యెరెమీ వేళ్ళు విప్పడం లేదు. రెండు చేతులూ మెలేసుకునే తిరుగుతున్నాడు. చెంచా పట్టుకోడు, నేనే తినిపించాలి. నీదోలో రంగు పెన్సిల్ ముట్టుకోలేదని మిస్ ఒఫేలియా చెప్పింది. సియెలో కుర్చీ ఎక్కినా, గడప దాటినా, గుక్కతిప్పుకోకుండా చేపీ, చేపీ అంటూ దాని పక్కనే నిలబడతాడు. నిద్రపోయాక నెమ్మదిగా విప్పి చూస్తాను, వేళ్ళు నీలంగా కమిలిపోయి ఉంటాయి. వదలగానే మళ్ళీ మెలిపడతాయి. ఎందుకురా అంటే, విప్పితే సియెలో పడిపోతుందంటాడు.

నువ్వు త్వరగా రా. ఇక విప్పచ్చని వాడికి చెప్పాలి. చెప్పబోయి డాబా వంక చూస్తాను, నాకు నోరు రావడం లేదు.

యోవానా